ఎర్ర దారం కుట్టిన సంచి

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు కొత్తవలస చుట్టుపక్కల కోళ్ళ షెడ్లలో సగం ఆకాశం కేసి నోరు తెరుచుకుని ఉన్నాయి. రేకులు ఎక్కడెక్కడి జీడితోటల్లోనో తేలాయి. విశాఖపట్నంలో ఉండే ఓ షెడ్డు యజమాని కారులో వచ్చి, అద్దం దించి ఒకసారి చూసి, ఇక కోళ్ళ వ్యాపారం తన వల్ల కాదని చెప్పేశాడు. ఎవరైనా లీజుకి తీసుకుంటే ఇస్తాను, బాగు చేయించుకునే ఖర్చు మాత్రం వాళ్ళదేనని చెప్పి కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో రైతులెవరూ ముందుకి రాలేదు. వచ్చినది ఊరవతల దళితుల పేటలో ఉండే బేబీ.

ఆ షెడ్డు ఆమెకి కొత్త కాదు. ఓణీ వేసే వయసు నుంచి అందులోనే గుడ్లు ఏరింది, పెంట ఎత్తింది, చచ్చిన కోళ్ళని గోతిలో పూడ్చింది. ఇన్నేళ్ళలో వేలకి వేల కోళ్ళు ఆమె చేతి కింద పెరిగాయి గానీ వాటిలో ఒక్క కోడి కూడా ఆమెది కాదు. షెడ్డు తలుపు తాళంచెవి ఏనాడూ ఆమె కొంగున లేదు. ఆ తాళంచెవి కోసమే ఆమె కూడబెట్టినదంతా రేకులకీ జాలీలకీ పెట్టేసింది. పేటలో కొందరు నవ్వారు. కోళ్ళు కాసినదానికి కోళ్ళు కొనడం దేనికి అన్నారు. బేబీ వెళ్ళి రేకు వేసేవాడి పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడింది.

ఆమెకి మొగుడు లేడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా అప్ప కొడుకు, అంటే అక్క కొడుకు, ప్రకాష్. అప్ప సత్యవతి వాడు చంకలో ఉండగానే చనిపోతే, బేబీయే పెంచింది. గుడ్లు ఏరిన కూలితో బడికి పంపింది, విజయనగరంలో డిగ్రీ చదివించింది. వాడు ఆమెని చిన్నమ్మా అనే పిలుస్తాడు గానీ, పేటలో ఎవరినడిగినా వాడు బేబీ కొడుకు. ఆమె సొంత కోళ్ళు పెట్టిన తొలి గుడ్డుని అమ్మలేదు, తను తినలేదు. ఉడకబెట్టి, ఉప్పూ కారం అద్ది వాడికి పెట్టింది. అప్పటికి వాడు కోళ్ళ దాణా మందులు అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరి, మెడకి టై కట్టుకుని, మోటారు సైకిలు మీద కొత్తవలస నుంచి పాతపట్నం దాకా తిరుగుతున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళూ వానలు సరిగా లేవు. మొక్కజొన్న ధర మండిపోయింది. గుడ్లు పెట్టించేవాడికి ఖర్చంటే మేత ఖర్చే. మిగతావన్నీ దాని పక్కన చిల్లర. మొక్కజొన్న పెరిగితే గుడ్డు ధర పెరగదు, పెంచినవాడి గుండె దడ పెరుగుతుంది. పెద్ద ఫారాలవాళ్ళు లారీలకి లారీలు ముందే కొని దాచుకున్నారు. చిన్న షెడ్లు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. ఈ బ్యాచి దాటితే నిలబడతాను, లేకపోతే మళ్ళీ ఇంకొకరి కోళ్ళ కింద గుడ్లు ఏరుకోవాలని బేబీకి తెలుసు. ఆ మాట తనలో తనే అనుకునేది కాదు, అందరితోనూ అనేది.

అలాంటి రోజుల్లో ప్రకాష్ తన పైఅధికారి మురళీమోహన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడాయన. షెడ్డులోకి వచ్చేముందు చెప్పులు విడిచి సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నాడు. బేబీ ఇచ్చిన టీ తాగాడు. తమ కంపెనీ కొత్త ఎంజైము పొడి తెచ్చిందని, రెండు షెడ్లలో రైతులకి ఉచితంగా ఇచ్చి ఫలితం చూడాలనుకుంటున్నామని చెప్పాడు. మిగతాది ప్రకాష్ విడమరిచి చెప్పాడు.

"తవుట్లో, మొక్కజొన్నలో భాస్వరం ఉన్నాది చిన్నమ్మా. గాని గింజ దాన్ని గట్టిగా పట్టుకొని ఒగ్గదు. కోడి కడుపుకి ఇడిపించుకునే సత్తా నేదు. అంచేత తిన్నదంతా పెంటలో పోతాది, మనం మళ్ళీ డీసీపీ కొని వేస్తన్నాం. ఈ పొడి కలిపితే కడుపులోనే ఇడిపిస్తాది. డీసీపీ మానేయొచ్చు. మొక్కజొన్న తగ్గించి తవుడు ఎక్కువెయ్యొచ్చు."

డీసీపీ అంటే కోళ్ళ ఎముకకీ గుడ్డుకీ బలానికి మేతలో కలిపే తెల్లటి పొడి. దాణాలో ఖరీదైన సరుకుల్లో అదొకటి. అది మానేయొచ్చంటే బేబీకి నమ్మబుద్ధి కాలేదు. ఎముక పొడి మానేస్తే కోడి కాళ్ళ మీద నిలుస్తాదేటిరా అని అడిగింది. ప్రకాష్ నవ్వాడు.

"నాను సెప్తన్నాను గదా," అన్నాడు.

ఆ మాట చాలింది. మురళీమోహన్ కంటే, కంపెనీ కంటే, పొడి కంటే ఆ ఒక్క మాటని నమ్మి ఆమె డీసీపీ కొనడం మానేసింది.

రెండో షెడ్డు సరుగుడు తోటకి అవతల ఉన్న జగన్నాధంది. ఊళ్ళో తాతల నాటి వ్యవసాయం, ధాన్యం గిడ్డంగి, ట్రాక్టరు ఉన్న కుటుంబం. బేబీ షెడ్డుకి నాలుగింతల షెడ్డు. మేత విషయం జగన్నాధం చూస్తాడు గానీ ఇంటి పక్కనున్న వరస కోళ్ళని మాత్రం భార్య జగ్గమ్మ ఎవరికీ వదలదు. ఆ గుడ్లు ఆవిడ సొంత ఆదాయం. రెండు షెడ్లకీ ఒకే పాళ్ళు రాసి ఇచ్చాడు ప్రకాష్. ఇద్దరూ డీసీపీ ఆపారు, ఇద్దరూ తవుడు పెంచారు. నెల నెలా పొడి సంచులు తనే మోటారు సైకిలు మీద తెచ్చి దింపేవాడు. జగన్నాధం సంచుల మూతి నీలం దారంతో కుట్టి ఉండేది, బేబీవి ఎర్ర దారంతో. కుట్టే మిషనులో ఏ దారం ఉంటే అదే అనుకుంది బేబీ. దారం గురించి ఎవరు ఆలోచిస్తారు?

మొదటి కొన్నాళ్ళూ మేత ఖర్చు నిజంగానే దిగింది. బేబీ మనసు తేలికపడింది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడి తన గుంటడు తెచ్చిన పొడి గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

ఎండలు ముదిరాక కోళ్ళు కూర్చోడం మొదలుపెట్టాయి. ముందు ఒకటి రెండు, తర్వాత వరసకి కొన్ని. జబ్బు చేసిన కోడిలా ముక్కు కారదు, కళ్ళు మూసుకోదు. మేత దగ్గర మెడ చాస్తుంది గానీ లేవలేదు. చేత్తో ఎత్తి నిలబెడితే కాళ్ళు రెండూ పక్కకి జారిపోతాయి. ఒకదాన్ని పంజరంలోంచి తీస్తుంటే రెక్క ఎముక ఎండుపుల్లలా విరిగింది. గుడ్లు పలచబడ్డాయి. అట్టలో సర్దుతుంటే వేలి కింద సొట్ట పడేవి.

ప్రకాష్‌కి ఫోను చేసింది. ఎండదెబ్బ చిన్నమ్మా, బెల్లం నీళ్ళు పట్టు, రేకుల మీద గడ్డి వేయించి తడుపు అన్నాడు. అలాగే చేసింది. మిట్టమధ్యాహ్నం నిచ్చెన ఎక్కి తనే గడ్డి పరిచి బిందెలతో నీళ్ళు పోసింది. కోళ్ళు కూర్చుంటూనే ఉన్నాయి. అదే ఎండ కాసే జగన్నాధం షెడ్డులో కోళ్ళు మాత్రం రెండు కాళ్ళ మీద నిలబడి కొక్కొక్కొమంటున్నాయి. బేబీ తన చేతి పనినే అనుమానించుకుంది. మేత సరిగ్గా కలపడం లేదా? నీళ్ళ తొట్టెలు శుభ్రంగా కడగడం లేదా? రోజూ రెండోసారి కడిగింది.

ఈలోగా ఒక సాయంత్రం గాలీవానా కొట్టి, రేకు సందులోంచి కారిన నీళ్ళకి పొడి సంచి తడిసి ముద్దయింది. ప్రకాష్ టెక్కలి వైపు వెళ్ళి ఉన్నాడు, వచ్చేసరికి మూడు వారాలు పడుతుందన్నాడు. మేతలో పొడి ఆపకూడదని గట్టిగా చెప్పింది వాడే. అంచేత బేబీ సరుగుడు తోట దాటి వెళ్ళి జగ్గమ్మని ఒక సంచి చేబదులు అడిగింది. ఉప్పూ పప్పూ బదులిచ్చినట్టే జగ్గమ్మ ఇచ్చింది. ఆ రెండిళ్ళ మధ్యా కొన్నేళ్ళుగా అరిటాకుల నుంచి గడ్డపార దాకా అలాగే వెళ్ళి వస్తున్నాయి. పేట మనిషిని గడప దాటనివ్వని ఇల్లే అది. గడప బయటి స్నేహం మాత్రం గట్టిది.

నీలం దారం సంచి వేసిన రెండు వారాలకి బేబీ కోళ్ళు లేచాయి. అన్నీ కాదు. ఎముక విరిగినవి విరిగినట్టే పోయాయి. కానీ పక్కకి ఒరిగినవాటిలో చాలా మటుకు కాళ్ళు కూడదీసుకుని నిలబడ్డాయి. ఒక కోడి తన ఎదటే లేచి నిలబడి రెక్కలు దులుపుకుంటే, చాలా రోజుల తర్వాత ఆమె షెడ్డులో నవ్వింది.

ప్రకాష్ రాగానే ఆ మాటే ముందు చెప్పింది. జగ్గమ్మప్ప దగ్గర సంచి బదులు తెచ్చి వేశాను, లేచి నిలబడ్డాయిరా అంది. వాడి మొహం సంతోషపడాలి కదా. పడలేదు. ఎవరు మార్చుకోమన్నారని విసుక్కున్నాడు. ఒకరి సంచి ఒకరు వాడకూడదు, అది గడువు దాటిన సరుకు, గుడ్లకి మంచిది కాదు అన్నాడు. మిగిలిన పొడిని మోటారు సైకిలుకి కట్టేసుకుని, ఎర్ర దారం సంచులు రెండు దింపాడు. జగ్గమ్మ బదులు తను తీరుస్తానన్నాడు. బేబీ కొంచెం బెదిరింది. చదువుకున్నవాడు, తప్పు తనదే అయి ఉంటుందనుకుంది. వాడు చెప్పినట్టే మళ్ళీ ఎర్ర సంచి పొడినే కలిపింది.

కానీ ఒక్క విషయంలో వాడి మాట వినలేదు. చేబదులు తెచ్చిన చెయ్యే తీర్చాలి. ఇంకొకరి చేత తీర్పిస్తే బదులు తీరదని ఆమె తల్లి చెప్పేది. ఆ తల్లికి వాళ్ళ అమ్మ చెప్పేది. పైగా ఆవిడ గడప ముందు మళ్ళీ నిలబడి అడగాల్సి రావచ్చు. మర్నాడే ఎర్ర దారం సంచుల్లో ఒకటి నెత్తిన పెట్టుకుని వెళ్ళి జగ్గమ్మ చేతికిచ్చింది. జగ్గమ్మ దాన్ని తన వరస కోళ్ళ మేతలో కలిపింది.

ఆ తర్వాత జరిగినది పాఠంలా స్పష్టంగా జరిగింది. సరుగుడు తోటకి ఇవతల బేబీ కోళ్ళు మళ్ళీ కూలబడ్డాయి, ఈసారి ముందుకంటే వేగంగా. అవతల అంత పెద్ద షెడ్డులో జగ్గమ్మ వరస ఒక్కటే కూలబడింది. పక్క వరస నుంచుని చూస్తోంది.

జగ్గమ్మ, జగన్నాధం వాడిన నీలం దారం సంచి ఒకటి ఖాళీది చేత పట్టుకుని తోట దాటి వచ్చింది. ఆవిడ ఏనాడూ పేట వైపు అడుగుపెట్టిన మనిషి కాదు.

"ఒసే బేబీ, నువ్విచ్చిన బదులు ఏటే ఇది? నా వరసలో కోళ్ళన్నీ చతికిలబడిపోనాయి. ఆయన వేసే పొడి తిన్నవి బాగున్నాయి."

బేబీ తన ఎర్ర దారం సంచి తెచ్చింది. రెండూ అరుగు మీద పక్కపక్కన పెట్టారు. రెండిటి మీదా ఒకే అచ్చు, ఒకే బొమ్మ, ఒకే తేదీ. తేడా దారం ఒక్కటే. జగ్గమ్మ ఎర్ర సంచి అడుగున మిగిలిన పొడిని వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. చప్పగా ఉందంది. నీలం సంచిది కాస్త పులుపో వగరో అనిపించిందంది. దానికి అర్థముందో లేదో ఆవిడకీ తెలీదు, బేబీకీ తెలీదు. కానీ కూలబడిన కోళ్ళకి అర్థముంది.

"మీ గుంటడికి టై కట్టుకోడం వచ్చినాది గాని, సంచి కట్టడం రానట్టున్నాదే," అంది జగ్గమ్మ.

బేబీ నవ్వలేదు. వాడిచ్చిన బెల్లం నీళ్ళ సలహా, విసుగు, మిగిలిన పొడిని మోటారు సైకిలుకి కట్టుకున్న తొందర, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి.

ఆదివారం ప్రకాష్ ఎప్పటిలాగే భోజనానికి వచ్చాడు. అన్నం పెట్టింది.  వాడు చెయ్యి కడుక్కుని వచ్చాక రెండు సంచులూ తెచ్చి వాడి ముందు పెట్టింది.

"ఈ రెండింట్లోనూ ఒకటే పొడి ఉన్నాదేటిరా?"

వాడు సంచుల కేసి చూడలేదు. కాసేపు కుంపటి కేసి చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, మీటింగులో చెప్పినట్టు. ఏ మందైనా పనిచేస్తోందని చెప్పాలంటే పోల్చి చూడాలట. ఒక షెడ్డుకి పొడి, ఇంకో షెడ్డుకి పొడి లేని ఉత్త పిండి ఇవ్వాలట. రెంటికీ డీసీపీ ఆపాలట. ఎవరికి ఏది వెళ్తోందో చెబితే పెంచేవాళ్ళు జాగ్రత్త మార్చేస్తారట, అందుకని చెప్పకూడదట. అంతటా అలాగే చేస్తారట.

"అయితే నా కోళ్ళు పడిపోతాయని నీకు ముందే తెలుసు."

"ఇంతలా పడతాయనుకోనేదు చిన్నమ్మా. కొంచెం గుడ్లు తగ్గుతాయన్నారు సార్."

"ఆ నీలం సంచి వేస్తే లేచినాయి. లేచినవాటికి మళ్ళీ ఇదే ఎయ్యమన్నావు."

వాడు తుడుచుకున్న చెయ్యే మళ్ళీ తుండుతో తుడుచుకున్నాడు.

"ఊళ్ళో ఇన్ని షెడ్లున్నాయి. నా షెడ్డుకే ఎందుకొచ్చినాదిరా ఉత్త పిండి?"

వాడు జవాబు చెప్పాడు. ఆ జవాబు చెప్పకుండా ఉంటే బాగుండునని వాడికి కూడా తర్వాత అనిపించి ఉంటుంది.

"ఏటైనా అయితే గొడవ చెయ్యనివాళ్ళు ఎవరున్నారని సార్ అడిగారు."

"నా పేరు సెప్పినావు."

"ఊఁ."

బేబీ లేచి వాడి కంచం తీసి బయట పెట్టింది. ఇక ఎల్లు అంది, అంతే. కేకలు లేవు. పక్కింటివాళ్ళకి ఆ ఇంట్లో ఏదో జరిగిందని కూడా తెలియలేదు.

పోల్చి చూడకుండా శాస్త్రం లేదు. ఆ మాట నిజం. ఆ పొడి కూడా దొంగ సరుకు కాదు, జగన్నాధం కోళ్ళే సాక్ష్యం. తవుడు తిని, డీసీపీ లేకుండా, మేత ఖర్చు తగ్గించుకుని అవి హాయిగా గుడ్లు పెట్టాయి. చిన్న రైతుకి అంతకంటే కావలసినదేముంది? కానీ ఆ కంపెనీకి సొంత ఫారాలున్నాయి. ఉత్త పిండి అక్కడ పెట్టుకుని ఉంటే కూలబడేవి కంపెనీ కోళ్ళు. ఇక్కడ పెట్టారు కాబట్టి బేబీ కోళ్ళు కూలబడ్డాయి. ఫలితం కంపెనీది, నష్టం బేబీది. పైగా ఆమెకి తెలియకుండా. నీ షెడ్డులో ఉత్త పిండి వేస్తాం, నష్టం మేం భరిస్తాం, ఒప్పుకుంటావా అని అడగడానికి నోరు రానిది దేనికి? జగన్నాధానికైతే అడక్కుండా వేసేవాళ్ళా? షెడ్లు ఎంచినప్పుడు వాళ్ళు కోళ్ళని ఎంచలేదు. ఇళ్ళని ఎంచారు, వీధుల్ని ఎంచారు. పేటలో, మగదిక్కు లేని ఇంట్లో, కంపెనీ మనిషికే తల్లిలాంటి మనిషి. ఇంతకంటే నోరు లేని షెడ్డు ఇంకెక్కడ దొరుకుతుంది?

బేబీ డీసీపీ కొని మేతలో కలిపింది. చాలావాటికి అప్పటికే ఎముకలు పోయాయి. రోజూ గంపలతో గోతికి మోసింది. మిగిలినవాటిని కోతకి కొనే వ్యాన్‌వాడు బరువు కట్టి, కాళ్ళు విరిగినవని ధర తగ్గించి తీసుకెళ్ళాడు. షెడ్డులో ఖాళీ పంజరాలు మిగిలాయి.

ఆమె ముందు జగన్నాధం దగ్గరికి వెళ్ళింది. మీరు చూసింది చూసినట్టు కంపెనీవాళ్ళ ముందు చెప్పండి బాబూ, మీ వరసే సాక్ష్యం అంది. ఆయన విన్నాడు. తలూపాడు. ఇది మీ ఇంటి విషయం, అబ్బాయితో మీరూ మీరూ తేల్చుకోండి అన్నాడు. ఆ నెల్లోనే చుట్టుపక్కల మండలాలకి ఆ పొడి అమ్మే ఏజెన్సీ ఆయనకి వచ్చింది. గిడ్డంగి ముందు బోర్డు కట్టారు. బోర్డు మీద కోడి పక్కన ఆయన ఫొటో. జగ్గమ్మని కూడా పక్కన నిలబడమంటే, నా వరస కోళ్ళనీ పట్టుకురండి, వాటితో దిగుతాను అని లోపలికి వెళ్ళిపోయిందట. ఆవిడ చెయ్యగలిగినది అంతే.

తర్వాత మురళీమోహన్ వచ్చాడు. మళ్ళీ చెప్పులు విడిచాడు, మళ్ళీ టీ తాగాడు. ఎంతో బాధపడుతున్నామన్నాడు. తర్వాతి బ్యాచి కోడిపిల్లల్ని కంపెనీయే ఉచితంగా ఇస్తుందన్నాడు, మొదటి రెండు నెలల మేతతో సహా. ఒకటే చిన్న కాయితం ఉంది. వడగాడ్పులకి కోళ్ళు పోయాయని, పెంపకంలో కొంత లోపం జరిగిందని. ఆడిటువాళ్ళ కోసం, ఉత్తినే.

పిల్లలంటే బేబీ కళ్ళు మెరిశాయి. అబద్ధమెందుకు, మెరిశాయి. ఖాళీ పంజరాల కేసి చూసింది. సంతకం పెడితే షెడ్డు నిలబడుతుంది. పెట్టకపోతే లీజు వదులుకోవాలి.

"లోపం నాది అని రాసినారు," అంది.

"మాటవరసకే అమ్మా."

"బాబూ, గుడ్లు ఏరడం మొదలెట్టిన నాటి నుంచీ నా సేతిలో కోడి సచ్చిపోనాదంటే జబ్బు సేసి సచ్చింది గాని, నా లోపానికి సావనేదు. ఈ కోళ్ళు మీ పిండి తిని సచ్చినాయి. అలాగ రాయండి, ఏలిముద్ర ఏస్తాను."

ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆలోచించుకోండమ్మా అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఇది తెలిసి పాస్టరు ఇమ్మానుయేలు గారు ఆమెని పిలిపించారు. ఆ సంఘంలో నెలకో ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకుంటారు. సాటి విశ్వాసి మీద కోపం ఉంచుకుని ఆ రొట్టె ముట్టకూడదు. బేబీ మూడు బల్లల నుంచి ముట్టడం లేదు. పాస్టరు గారు నెమ్మదైన మనిషి. క్షమించమ్మా, బిడ్డే కదా అన్నారు.

క్షమిస్తానంది. కానీ ముందు వాడు లేచి నిలబడి చేసింది చెప్పాలంది. ఆ సంఘంలో అది కొత్త పద్ధతి కాదు. సారా తాగి తూలినవాడు లేచి ఒప్పుకుంటాడు. ఊరి అమ్మవారి సంబరానికి వెళ్ళి బలి కూర తిన్నవాడు ఒప్పుకుంటాడు. ఒకమ్మాయిని మోసం చేసినవాడు తలవంచుకుని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వాళ్ళని కొన్నాళ్ళు బల్లకి దూరంగా ఉంచి, మళ్ళీ చేర్చుకున్నారు.

పాస్టరు గారు ఇబ్బందిపడ్డారు. అవి పాపాలు, ఇది ఉద్యోగ విషయం అన్నారు. ఆఫీసులో పైవాళ్ళు చెప్పినట్టు చేశాడు, సంఘంలోకి ఎందుకు తేవడం అన్నారు. కంపెనీవాళ్ళ మీద కోపం వాడి మీద చూపిస్తున్నావన్నారు.

"కంపెనీ మీద నాకు కోపం నేదయ్యగారూ. కంపెనీ నాకేటీ కాదు. ఈడు నావోడు," అంది బేబీ. "సారా తాగినోడు తన కడుపే పాడుసేసుకున్నాడు, ఆడికి తలొంచమన్నారు. నా నోటికాడ కూడు తీసినోడు తలెత్తుకు తిరిగితే అది ఉద్యోగం అంటన్నారు."

పాస్టరు గారు ప్రార్థన చేద్దామన్నారు. చేశారు. ప్రకాష్‌ని మాత్రం అడగలేదు. చర్చికి ఫ్యాన్లు వేయించింది ఆ ఏడాది ప్రకాషే.

లీజు వదులుకుంది బేబీ. తాళంచెవి విశాఖపట్నం మనిషికి పంపేసింది. పనెక్కడుందంటే జగన్నాధం షెడ్డులోనే ఉంది. జగ్గమ్మ పట్టుబట్టి పెట్టించింది. ఇప్పుడామె పొద్దున్నే సరుగుడు తోట దాటి వెళ్ళి, గుడ్లు ఏరి, అట్టల్లో సర్ది, మేత కలుపుతుంది. తవుడు, మొక్కజొన్న నూక, సోయా చెక్క, సముద్రపు గుల్ల, పైన ఆ పొడి. పొడి చల్లేముందు ప్రతి సంచి మూతీ చూస్తుంది. అవన్నీ నీలం దారంవే. కోళ్ళు చక్కగా నిలబడతాయి. ఎవరైనా చిన్న రైతు వచ్చి ఈ పొడి పనిచేస్తుందా అని అడిగితే, పనిచేస్తాది అంటుంది. నాలుగు కోళ్ళకి వేసి సూసుకొని అప్పుడు మందకి వెయ్యండి అంటుంది. జగన్నాధానికి ఆ రెండో మాట నచ్చదు.

మరుసటి ఏడాది ప్రకాష్‌ని సంఘ పెద్దల్లో ఒకడిగా ఎన్నుకున్నారు. బల్ల ఆదివారం నాడు రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల వెంట తిరగడం సంఘ పెద్దల పని. ఆ నెల ఆడవాళ్ళ వైపు అతని వంతు వచ్చింది. తెల్లచొక్కా వేసుకుని, ముందు వరస నుంచి ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చాడు. బేబీ కూర్చున్న చాప దగ్గరికి వచ్చేసరికి అడుగు తడబడింది గానీ ఆగక తప్పలేదు. వంగి, పళ్ళెం ఆమె ముందు పట్టాడు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని ఉన్నారు.

బేబీ రొట్టె కేసి చూడలేదు. వాడి మొహంలోకి చూసింది.

"సెప్పినావేటిరా?" అంది, పక్కనున్న మనిషికి కూడా వినబడనంత మెల్లగా.

వాడు పళ్ళెం ఇంకాస్త ముందుకి జరిపాడు.  పై నుంచి ఫ్యాను గాలి వాడి చొక్కా కాలరుని ఎగరేస్తోంది. ఆమె ఇంకాసేపు ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది. వాడు ఆ క్షణాన పళ్ళెం కింద పెట్టి మాట్లాడతాడేమోనని.

"ఎనక వోళ్ళు కాసుకొని ఉన్నారు. ఎల్లు," అంది.

ప్రకాష్ పక్క మనిషి ముందుకి జరిగాడు.